మూడోనాటి కూర

ఆళ్లగడ్డలో ఒక చిన్న పెరుమాళ్ల గుడి ఉంది. ఆ గుడి వంటింట్లో శేషాద్రికి ఏడాదికి మూడున్నర నెలలు వంతు. ధనుర్మాసం మొదలు ఉగాది దాకా స్వామి నైవేద్యం వండేది అతను. ఉగాది నుంచి మళ్లీ ధనుర్మాసం దాకా అతని పినతండ్రి కొడుకు చక్రపాణి. తాతలు చేసిన పంపకం అది. ఎవరూ కాగితం మీద రాసుకోలేదు, ఎవరూ తప్పలేదు.

ఆ వంటింట్లోకి పోయేవాడు స్నానం చేసి, తడిబట్టతో ముక్కూ నోరూ కలిపి కట్టుకోవాలి. వండేది స్వామికి. స్వామి కంటే ముందు ఎవరూ రుచి చూడకూడదు, వాసన కూడా పీల్చకూడదు. ఉప్పు ఎంతో చేతి లెక్క. ఉడికిందో లేదో చెవి చెబుతుంది. పద్దెనిమిదో ఏట ముక్కుకు బట్ట కట్టుకున్న శేషాద్రి ముప్పై ఎనిమిది వచ్చేదాకా తాను వండినది ఎట్లా ఉందో తెలుసుకోకుండానే వండాడు. తిన్నవాళ్లు మాత్రం, శేషాద్రి వంతు ఎప్పుడు మొదలైందో కళ్లు మూసుకొని చెప్పగలం అనేవాళ్లు.

మిగిలిన ఎనిమిదిన్నర నెలలు బతకాలి కదా. ఆ రోజుల్లో అతను పెళ్లిళ్లకు వండేవాడు. 1955లో ఉగాది వెళ్లిన వారానికే నంద్యాలలో ఆదినారాయణ ఇంట్లో వంటకు కుదిరాడు. భార్య కమలవల్లి ఆళ్లగడ్డలోనే ఉండిపోయింది. పిల్లలు లేరు.

ఆదినారాయణది గోస్పాడు దగ్గర పల్లె. భూములు ఉన్నవాడు, నంద్యాలకు వచ్చి వడ్ల మిల్లు పెట్టాడు. రెండేళ్ల కిందట అతని కొడుక్కి విషజ్వరం వచ్చి ఇరవై రెండు రోజులు కన్ను తెరవలేదు. ఆదినారాయణ అహోబిలం నరసింహస్వామికి మొక్కుకున్నాడు. కొడుకు లేచి కూర్చున్నాడు. తండ్రి కొండకు పోయి, భుజాల మీద శంఖచక్రాల ముద్రలు వేయించుకొని, మాంసం మానేశాడు. తాను మానడంతో ఆగలేదు. ఇంట్లో చట్లు పగలగొట్టించాడు, మసాలా నూరే రోలు తీసేసి కొత్తది వేయించాడు. "ఈ గడప లోపల ముక్క ఉడకగూడదు, అంతే," అన్నాడు. పాత వంటమనిషి పోయింది. ఆ చోటికి వచ్చినవాడు శేషాద్రి.

ముద్రలు వేయించుకున్న మనిషి నాలుక మాత్రం పాతదే. శేషాద్రి ఎంత బాగా వండినా, ఆదినారాయణ పరామర్శకు వచ్చినవాడిలాగా కూర్చొని తినేవాడు. "బాగుండాది సామీ," అని లేచేవాడు. మిల్లుకు వడ్లు తెచ్చే రైతులు అతన్ని వదిలేవాళ్లు కాదు.

"ఏమప్పా ఆదినారాయణా, ఇంగా పత్యమేనా? జరం తగ్గింది నీ కొడుక్కి గదా, నీగ్గాదే!"

ఆదినారాయణ నవ్వేవాడు. ఆ నవ్వు ఇంటికి వచ్చేసరికి ఉండేది కాదు.

1956 వైశాఖంలో అతని కూతురు నాగేశ్వరమ్మ పెళ్లి జరిగింది. అల్లుడిది ఆళ్లగడ్డ. అల్లుడి తండ్రి సంజీవయ్య పెద్ద రైతు, శేషాద్రి వంతు ఉన్న గుడికి ఏడాదికి సరిపడా వడ్లు ఇచ్చే కుటుంబం అతనిది. గుడి పెద్దల్లో అతని మాటకు ఎదురు లేదు.

ఆ రైతు కుటుంబాల్లో పెళ్లినాడు ఎట్లాగూ మాంసం వండరు. మూడోనాడు మాత్రం బీగులకు, అంటే వియ్యాలవారికి, పొట్టేలు కోసి కూర పెట్టి సాగనంపాలి. దాన్ని మూడోనాటి కూర అంటారు. అది తిని చెయ్యి కడిగితేనే పెళ్లి పూర్తయినట్టు. శేషాద్రి ఆ మూడోనాడు గోధుమపాల హల్వా చేశాడు, ఐదు రకాల కూరలు చేశాడు, పెరుగు గడ్డకట్టి కత్తికి తెగేట్టు తోడుపెట్టాడు. విస్తళ్ల ముందు కూర్చున్న ఆళ్లగడ్డవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఏందప్పా బీగుడా," అన్నాడు సంజీవయ్య, "మూడో దినం గుడా పప్పేనా? మా వాళ్లలో ఎవురికన్నా జరమొచ్చిందా?"

"మొక్కు అన్నా. నీకు తెల్సు గదా," అన్నాడు ఆదినారాయణ.

"నీ మొక్కు నీ నోటికి. మా నోర్లకు ఎవురు మొక్కినారు?"

ఎవరో పక్కింట్లో వండించి పెట్టిద్దామన్నారు. సంజీవయ్యకు ఇంకా కోపం వచ్చింది. "బీగుని ఇల్లుండంగా పక్కింట్లో తినాల్నా? నా కొడుకు పెండ్లి చేసుకునింది పక్కింటి పిల్లనా?" అంటూ లేచాడు. "ఈ ఇంట్లో ఆ కూర తినేదాకా నేను ఈడ చెయ్యి కడగను. మీ బిడ్డ మా ఇంట్లో ఉంటాది. తిండికి లోటు ల్యా. ఈడికి మాత్రం రాదు."

విస్తళ్లలో హల్వా అట్లాగే ఉండిపోయింది. శేషాద్రి వాటిని ఎత్తుతుంటే, ఒక ముసలాయన జాలిగా అన్నాడు: "బాగనే చేసినావులే సామీ. తద్దినానికి ఇంతకంటే ఏం గావాల."

ఏడాదిన్నర నాగేశ్వరమ్మ పుట్టింటికి రాలేదు. ఆమె తల్లి గోవిందమ్మ రెండుసార్లు బస్సెక్కి ఆళ్లగడ్డ పోయి, బిడ్డను వాకిట్లోనే చూసి వచ్చింది. 1957లో దసరా ముందు, నాగేశ్వరమ్మకు ఐదో నెల అని కబురు వచ్చింది. తొలికాన్పు. ఆ కబురు విన్న రోజు గోవిందమ్మ వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. శేషాద్రితో అంది:

"సామీ, మాంసం కాకుండా మాంసం మాదిరి ఏదన్నా చేయగలవా?"

"ఎవరికమ్మా?"

"బీగునికి. కైమా ఉండలు తెల్సా? మాంసాన్ని సన్నగ కొట్టి ఉండలు జేసి పులుసులో ఏస్తారు. దాంట్లో ఎముక ఉండదు. కంటికి కనపడేది ఏమీ ఉండదు. నోటికి తెలిస్తే చాలు."

శేషాద్రి నవ్వాడు. "నేను పుట్టి మాంసం మొగం చూడలేదమ్మా. దాని మాదిరి ఎట్లా చేసేది?"

"నా బిడ్డ కాన్పు సామీ," అంది ఆమె.

అతను ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నప్పుడు అతనికి అది తప్పుగా తోచలేదు. మాంసం వండమనలేదు కదా. ఆదినారాయణకూ నచ్చింది. "నా మొక్కు చెడదు, ఆయన పంతం చెడదు. చేయి సామీ, నేను తిని చెప్తా," అన్నాడు.

హల్వా కోసం గోధుమపిండిని నీళ్లలో పిసికి పాలు తీస్తే, అడుగున జిగురు మిగులుతుంది. సాగుతుంది, తెగదు. దాన్ని పారేస్తారు. శేషాద్రి ఆ జిగురును ఉడికించి, సన్నగా తరిగి, కచ్చాపచ్చాగా రుబ్బిన అలసందలలో కలిపాడు. ఉండలు చేసి నూనెలో వేయించాడు. పంటికి నార తగులుతోంది. అంతవరకు మొదటిరోజే కుదిరింది. కానీ ఆదినారాయణ నమిలి, తల అడ్డంగా ఊపాడు.

"వడ మాదిరి ఉండాది సామీ. మాంసానికి ఒగ వాసన ఉంటాది. అది రాలే."

ఆ వాసన ఏమిటో శేషాద్రికి తెలియదు. అప్పుడు అతను చేసిన పని, తన వంటింటి కట్టుబాటులో పెరిగినవాడు తప్ప ఇంకొకడు చేయడు. ఇంకొకడైతే ఒక ముక్క నాలుక మీద వేసుకొని ఊసేసేవాడు. శేషాద్రికి రుచి చూడటం అనే ఊహే రాదు. రైలు స్టేషన్ దారిలో ఒక మిలిటరీ హోటల్ ఉండేది, మాంసం వండి అమ్మే పూటకూళ్ల కొట్టు. దాని వెనక సందులో, సాయంత్రం కూర ఉడికే వేళకు పోయి గోడకు ఆనుకొని నిలబడ్డాడు. కళ్లు మూసుకొని పీల్చాడు. మొదటిరోజు రెండు ఊపిర్లకే వెనక్కి తిరిగాడు. మూడోరోజు కూర దించేదాకా నిలబడ్డాడు. ఐదోరోజుకు ఆ వాసనలో ఏది ఉల్లి, ఏది లవంగం, ఏది ధనియం అని విడదీయగలిగాడు. ఇరవై ఏళ్లు మూసి ఉంచిన ముక్కు అది. దానికి ఇంత శక్తి ఉందని అతనికి అప్పుడే తెలిసింది. లోలోపల కొంచెం సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషాన్ని గురించి తర్వాత కమలవల్లితో చెప్పి, ఎక్కువగా బాధపడింది దానికేనన్నాడట.

పదకొండు సాయంత్రాలు అట్లా పోయాడు. శేషాద్రి వాళ్ల ఇళ్లలో ఉల్లి, వెల్లుల్లి గడప దాటి రావు. ఇప్పుడు రెండూ కోశాడు, కళ్లనీళ్లు కారుతుంటే నూనెలో నల్లబడేదాకా వేయించాడు. ఎండుకొబ్బరి చిప్పను బొగ్గుల మీద పెట్టి, నూనె బొట్లు బొట్లుగా నిప్పులో పడి పొగ లేచేదాకా కాల్చి నూరాడు. కొవ్వు వాసన దాంట్లో దొరికింది.

పన్నెండో రోజు ఆదినారాయణ ఒక ఉండ నోట్లో వేసుకున్నాడు. నమలడం ఆపాడు. చేతిలోకి ఊసి, దాన్ని చూస్తూ భయంతో వంటింట్లోకి వచ్చాడు.

"సామీ, నిజం చెప్పు. నా మొక్కు చెరిపినావా?"

శేషాద్రి అలసందల గిన్నె చూపించాడు, జిగురు చూపించాడు. ఆదినారాయణ రెండూ ముట్టి చూశాడు. తర్వాత ఆ ఉండలు ఎన్నడూ తినలేదు. భుజాల మీది ముద్రలకు అది ఏమని చెప్పుకోవాలో అతనికి తోచలేదు.

దసరా వెళ్లిన పదో రోజున సంజీవయ్య తన వాళ్లు ఎనిమిది మందితో వచ్చాడు. కొర్రబియ్యపు సంగటి ముద్దలు, పక్కన ఎర్రటి పులుసులో ఉండలు. గోవిందమ్మ వడ్డించింది. సంజీవయ్య మొదటి ఉండ తిన్నాడు, రెండోది తిన్నాడు. మూడోది తిని తలెత్తాడు.

"ఎవురు కొట్టినారప్పా ఈ కైమా?"

గోవిందమ్మ ఇంకో ముద్ద వడ్డించింది.

"నీ మొక్కేమాయె బీగుడా?"

"నీకంటే ఎక్కువనా అన్నా, మొక్కు?" అన్నాడు ఆదినారాయణ. తన విస్తట్లో పెరుగన్నం కలుపుకుంటూ అన్నాడు. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. సంజీవయ్య ఆ పెరుగన్నం చూశాడు. తాను తినకుండా, బీగుల కోసం గడప లోపల ముక్క ఉడికించాడని అర్థం చేసుకున్నాడు. అతని కళ్లు చెమ్మగిల్లాయి.

"అది మాట. ఇంగ నాకు పంతం ల్యా. ధనుర్మాసం పోనీ, పిల్లను పంపిస్తా. కాన్పు ఈడనే." అంటూ వంటింటి వైపు చూశాడు. "వండినోణ్ణి పిలువు, చూస్తా."

శేషాద్రి గుమ్మంలోకి వచ్చాడు. సంజీవయ్య ఆశ్చర్యపోయాడు.

"నువ్వా! మన గుడి శేషాద్రి సామివి గదూ? ఓరబ్బా! మాకోసరం నువ్వు చెయ్యి ముట్టించినావా?"

శేషాద్రి గోవిందమ్మ వైపు చూశాడు. ఆమె గరిటె పట్టుకొని కదలకుండా నిలబడి ఉంది. ఏం చేయాలో తెలియక అతను రెండు చేతులూ జోడించాడు. సంజీవయ్య దాన్ని అవునని తీసుకున్నాడు.

ఆళ్లగడ్డకు పోయిన సంజీవయ్య ఊరుకోలేదు. చెడ్డ తలంపుతో కాదు, మెచ్చుకోలుగానే గుడి మండపంలో పదిమంది ముందు చక్రపాణితో అన్నాడు: "మీ అన్న చెయ్యి చెయ్యిగాదప్పా! కైమా అట్ల వండినోణ్ణి నేను పుట్టి చూల్యా."

మార్గశిరం మొదలయ్యేసరికి శేషాద్రికి ఒక కార్డు వచ్చింది. "అన్నయ్యకు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. ధనుర్మాసానికి మీరు రావద్దు. కారణం మీకు తెలిసినదే. వదినగారి గురించి బెంగ పెట్టుకోవద్దు. చక్రపాణి." అక్షరాలు వంకరగా ఉన్నాయి.

మర్నాడే శేషాద్రి బస్సెక్కాడు. ఇంటి ముందుకు పోయేసరికి కమలవల్లి చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టింది. తాను గడప లోపలే నిలబడింది.

"ఆడే ఉండండి," అంది.

"నువ్వుగూడా నమ్మినావా?"

"నమ్మలేదు. మీరు మాంసం ముట్టే మనిషి కాదు. అది నాకు తెలుసు." గుమ్మం పట్టుకొని అడిగింది. "ఎర్రగడ్డ కోసినారా?"

ఉల్లి కోసిన వేళ్లను అతను పంచెకు తుడుచుకున్నాడు.

"తెల్లగడ్డ?"

"కోసినా."

"మరి నేను చక్రపాణితో ఏమని వాదించాల? మా ఆయన సగమే చెడినాడని చెప్పాల్నా?"

శేషాద్రి అరుగు మీద కూర్చున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం కూడా ఆమె అరుగు మీదికే తెచ్చి, ఆకులో పెట్టి, దూరంగా కూర్చుంది. "ఉప్పు సరిపోయిందా?" అని మామూలుగా అడిగింది. సరిపోయిందన్నాడు.

సాయంత్రం గుడి వెనక బావి దగ్గర చక్రపాణి కనిపించాడు. అన్న కంటే ఎనిమిదేళ్లు చిన్నవాడు. పొయ్యి రాజేయడం దగ్గర నుంచి అన్న దగ్గరే నేర్చుకున్నాడు. ముఖం చూడలేక చేంతాడు వైపు చూస్తూ అడిగాడు.

"ఒక్క మాట చెప్పన్నా. అది ఏంది?"

"అలసందలు. గోధుమ జిగురు."

"హల్వాకు పాలు తీసి పారేస్తామే, ఆ జిగురా?"

"అదే."

చక్రపాణికి నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు. "సంజీవయ్య తల్లిపాలు మానినప్పట్నుంచి మాంసం తినేవాడు. ఆయన నాలుక జిగురుకు మోసపోయిందంటే ఎవరు నమ్ముతారు? సరే, నేను నమ్ముతా. రుచి చూసినావా?"

"లేదు. స్వామి తోడు."

"చూడకుండా ఎట్ల కుదిరింది?"

"వాసన పట్టి."

"ఆ వాసన నీకెట్ల తెల్సు?"

శేషాద్రి అక్కడ అబద్ధం చెప్పి ఉండవచ్చు. గోవిందమ్మ చెప్పిందని అంటే సరిపోయేది. కానీ ఆ బావి దగ్గర నిలబడి అబద్ధం ఆడటం అతనికి చేతకాలేదు. స్టేషన్ దారి, సందు, గోడ, పదకొండు సాయంత్రాలు, అన్నీ చెప్పాడు. చక్రపాణి చేంతాడు వదిలేశాడు.

"పూలు కోసేటప్పుడు ఎవరన్నా ముక్కు దగ్గర పెట్టుకుంటే, ఆ పువ్వును ఏం చేస్తాం అన్నా?"

"పారేస్తాం."

"ఎందుకు?"

"వాసన చూస్తే సగం అనుభవించినట్టే." తాను చక్రపాణికి పన్నెండో ఏట చెప్పిన మాట అది. ఇప్పుడు పాఠం అప్పజెప్పినట్టు తానే చెప్పాడు.

చేంతాడు మళ్లీ అందుకుంటూ చక్రపాణి అన్నాడు: "నేను నీ వంతు కోరుకోలేదన్నా. ఏడాదంతా ఆ పొగలో ఉండేందుకు నాకు మాత్రం సరదానా? ఎర్రగడ్డ ముట్టినందుకు ప్రాయశ్చిత్తం ఉంది. వాసనకూ వెతికితే ఏదో ఒకటి ఉంటుంది. మాంసం వండిన చేతికే లేదు. మండపంలో సంజీవయ్య అన్నమాట పదిమంది విన్నారు. నేను తిన్నది మాంసం కాదు అని ఆయనే ఆ పదిమందిలో అంటే చాలు. ఆ రోజే నీ వంటిల్లు నీకు."

మర్నాడు పొద్దున్నే శేషాద్రి సంజీవయ్య ఇంటికి పోయాడు. దారి పొడుగునా చెప్పవలసిన మాట కూర్చుకున్నాడు. సంజీవయ్య వసారాలో మంచం మీద కూర్చొని చుట్ట కాలుస్తున్నాడు. చూడగానే పారేశాడు.

"రా సామీ, రా! నీ మాటే అనుకుంటాండా. చక్రపాణి నీ వంతు లాక్కున్యాడంట గదా. ఏం, నాకు చెప్పొద్దా? మధ్యాన్నం పిలిపిస్తా. వడ్లు ఇచ్చేది మేము. ఎవురు వండాల్నో మేము చెప్పల్యామా?"

"అట్ల కాదప్పా..."

"యాల కాదు? మాంసం వండితే ఏమైంది? మేము తినల్యా? మాకు దేవుడు పెట్టల్యా? నేను చెప్తే నీ వంటింటి తలుపు సందెలోపల తెరుస్తారు."

శేషాద్రి నిలబడిపోయాడు. అతనికి కావలసిన తలుపే అది. కానీ సంజీవయ్య మాట మీద అది తెరుచుకుంటే, మాంసం వండిన చెయ్యి అని ఒప్పుకొని లోపలికి పోయినట్టే. ఆ చేత్తో వండినది చక్రపాణి కళ్లకద్దుకోడు. కమలవల్లి తినదు. స్వామి ముందు పెట్టిన అన్నం స్వామి ముందే చల్లారిపోతుంది.

"ఆ పొద్దు మీరు తిన్నది, అప్పా..." అని మొదలుపెట్టాడు.

అప్పుడే లోపలి గుమ్మంలోకి నాగేశ్వరమ్మ వచ్చింది. చేతిలో మజ్జిగ గ్లాసు. ఏడో నెల. ఆ మాట వినగానే అడుగు ఆపింది. ఆమె ముఖంలో రంగు పోయింది.

"తిన్నది? చెప్పు సామీ, తిన్నది ఏంది?" అన్నాడు సంజీవయ్య.

శేషాద్రి ఆ పిల్ల వైపు చూడకుండా ఉండాలనుకున్నాడు. చూశాడు.

"...అంత బాగుండిందా అని," అన్నాడు.

సంజీవయ్య పగలబడి నవ్వాడు. "అది అడిగేందుకా ఇంత దూరం వస్తివి! అది బాగుండబట్టే గదా ఈ పిల్లను పంపిస్తాండేది. మీ ఆదినారాయణ మొక్కును పక్కన పెట్టి మాకు మర్యాద చేసినాడు. ల్యాకుంటే కాన్పు ఈడనే అని ఒట్టు పెట్టుకొని ఉంటి. ఇంగ నీ వంతు సంగతి చూస్తా, పోయిరా."

"వద్దప్పా. వంతు చక్రపాణే చూసుకుంటాడు. నాకు నంద్యాలలో పనుంది."

"ఓహో, ఆడ బాగా చూసుకుంటాండారన్న మాట!" అని సంజీవయ్య మళ్లీ నవ్వాడు.

శేషాద్రి మెట్లు దిగాడు. గోడ మలుపు తిరిగేటప్పుడు పెరటి తలుపు దగ్గర నాగేశ్వరమ్మ నిలబడి ఉంది.

"సామీ, చెప్తావనుకుంటి," అంది మెల్లగా.

"నీకు తెలుసా తల్లీ?"

"మొన్న నన్ను చూడనీకి వచ్చినప్పుడు మా యమ్మ చెప్పింది." ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. "కాన్పయినంక చెప్తువుగానీలే సామీ. అప్పుడు నేనడ్డం రాను."

"అట్లే తల్లీ," అన్నాడు.

ఆ ధనుర్మాసం ముప్పై రోజులూ శేషాద్రి నంద్యాలలో ఉన్నాడు. తెల్లవారకముందే మెలకువ వచ్చేది. లేచి స్నానం చేసేవాడు. ఆదినారాయణ ఇంట్లో అంత పొద్దున తినేవాళ్లు ఎవరూ లేరు. పొయ్యి ముందు ఊరికే కూర్చునేవాడు.

నాగేశ్వరమ్మ పుట్టింటికి వచ్చింది. ఫాల్గుణంలో ఆడపిల్లను కన్నది. ఇల్లంతా సందడిగా ఉన్నప్పుడు, ఐదు వారాలు ఆగి, శేషాద్రి గోవిందమ్మను అడిగాడు.

"అమ్మా, ఇంక బీగులకు చెప్పొచ్చునా?"

గోవిందమ్మ పసిపిల్లకు నూనె రాస్తూ ఉంది. చెయ్యి ఆపింది. "సామీ, నీకు అన్యాయం చేసినామని నాకు తెల్సు. రోజూ ఆ మాటే అనుకుంటాండా. కానీ ఈ తల్లీబిడ్డలు మళ్లా ఆ ఇంటికే పోవాల గదా? అలసందలు పెట్టి మోసం జేసినామని తెలిస్తే ఆయప్ప ఊరుకుంటాడా? పెండ్లినాడన్నా పప్పు పప్పని చెప్పి పెడితిమి. ఇది అట్ల గాదే."

ఆమె చెప్పినది నిజమేనని శేషాద్రికి తోచింది. అతన్ని అన్నిటికంటే ఎక్కువగా కట్టిపడేసింది అదే. తిట్టడానికి ఎవరూ లేరు. గోవిందమ్మ మంచిది. ఆదినారాయణ అతనికి వేరే గది ఇచ్చాడు, పండక్కి బట్టలు పెట్టాడు. సంజీవయ్య కనబడితే భుజం తట్టేవాడు. చక్రపాణి నెలకొక కార్డు రాసేవాడు. కమలవల్లి, అతను వెళ్లినప్పుడల్లా అరుగు కడిగి, ఆకు వేసి, అన్నం పెట్టేది. అందరూ అతని మంచి కోరేవాళ్లే.

తర్వాత పిల్లకు పేరు పెట్టారు. ఆ రోజు సంజీవయ్య వచ్చాడు. కైమా ఉండలు కావాలన్నాడు. పుట్టెంట్రుకలు తీయించినప్పుడు వచ్చాడు, అవే కావాలన్నాడు. ఒకసారి తన ఊరివాళ్లను ఆరుగురిని వెంటబెట్టుకొని, తినిపించడానికే వచ్చాడు. శేషాద్రి ఒకసారి కావాలనే చెడగొట్టాలనుకున్నాడు. కొబ్బరి కాల్చకుండా వేశాడు. వంటింట్లోకి వచ్చిన గోవిందమ్మ గిన్నె మీద మూత తీసి, అతని ముఖం చూసింది. మూత మళ్లీ పెట్టి పోయింది. అతనే లేచి బొగ్గులు రాజేసి, ఎండుకొబ్బరి చిప్ప తెచ్చుకున్నాడు.

1960 ధనుర్మాసంలో మిల్లు పని మీద సంజీవయ్య నంద్యాలకు వచ్చాడు. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాడు. గోవిందమ్మకు ఒంట్లో బాగాలేక శేషాద్రే వడ్డించాడు. నాలుగు ఉండలు తిన్నాక సంజీవయ్యకు మాటలు వచ్చాయి.

"పొద్దున గుళ్లో మీ చక్రపాణి పొంగలి పెడితే తినే బస్సెక్కినా సామీ. ఉప్పు ల్యా, కారం ల్యా. నోట్లో పెట్టుకుంటే దేవునికి భయపడి మింగాల. నీ చేతి వంట మేము తింటాండాం గానీ, మీ దేవునికి అదృష్టం ల్యాకపాయె!"

శేషాద్రి గిన్నె పట్టుకొని వంగి ఉన్నాడు.

"మిరియాలు పలుకులుగా ఉండెనా, నూరి వేసినాడా?" అని అడిగాడు.

"యాంటికి?"

"పొంగలిలోకి."

"యాడ చూస్తాం సామీ అయన్నీ!" అన్నాడు సంజీవయ్య. విస్తరిని కొంచెం ముందుకు జరిపాడు. "ఇంగో రెండు వెయ్యి."

శేషాద్రి రెండు వేశాడు. పులుసు కూడా పోశాడు.